ఒక సినిమా, రెండు నవలలు, ఒక నోటు పుస్తకం

కొన్ని వారాల క్రితం ఒక సాయంత్రం, మగ్రిబ్ నమాజు ముగించి కూర్చున్న వేళ, మాకు చిరకాలంగా తెలిసిన ఒక సోదరి మా ఇంటికి వచ్చారు. క్షేమ సమాచారాలు అయిన తరువాత, బుర్ఖా చాటు నుంచి రెండు వందల పేజీల నోటు పుస్తకం తీసి మా చేతిలో పెట్టారు. ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరం చదువుతున్న ఆమె కుమార్తె అందులో ఒక నవల రాస్తున్నదట.

"ప్రేమ కథ ఆపా! వాళ్ల అబ్బా కంట పడితే పొయ్యిలోకి పోతుంది. పిల్ల మాత్రం తిండీ నిద్రా మానుకుని రాస్తున్నది. మీరొకసారి చదివి చెప్పండి. మీరు కూడదంటే నేనే దాచేస్తాను" అన్నారు.

ఈ కథ ఎక్కడి నుంచి తట్టిందని అడిగాము. టీవీలో 'బ్యూటీ అండ్ ది బీస్ట్' అనే బొమ్మల సినిమా చూసిన రాత్రే మొదలుపెట్టిందని చెప్పారు.

ఇషా తరువాత కూర్చుని పుస్తకమంతా చదివాము. పిల్ల భాష ముచ్చటగా ఉన్నది. వాన కురిసే రాత్రిని వర్ణించిన తీరు చూస్తే, ఆ వయసులో మేము ఇంత బాగా రాయలేకపోయామే అనిపించింది. కథ ఇది. ఒక చిన్న బట్టల వ్యాపారి అప్పుల పాలవుతాడు. అప్పు ఇచ్చిన సంపన్న యువకుడు మహా కోపిష్టి. బాకీకి బదులుగా ఆ వ్యాపారి కుమార్తెను నికాహ్ చేసుకుని తన బంగళాకు తీసుకుపోతాడు. ఆమె ఇష్టాన్ని ఎవరూ అడగరు. మూడవ అధ్యాయంలో అతడు ఆమెను చెంపదెబ్బ కొడతాడు. నాలుగవ అధ్యాయంలో గదిలో ఉంచి తాళం వేస్తాడు. ఐదవ అధ్యాయంలో ఆమె అతనికి ఇష్టమైన ఖీమా పరాఠాలు చేసి పెడుతుంది. పదకొండవ అధ్యాయం నాటికి ఆమె ఓర్పు చూసి అతని మనసు కరుగుతుంది. మృగం మనిషి అవుతుంది.

తల్లిని కలవరపెట్టినది ఆ పుస్తకంలోని ప్రేమ. మమ్మల్ని కలవరపెట్టినవి మూడవ అధ్యాయంలోని చెంపదెబ్బ, దాని వెనుకే వచ్చిన పరాఠాలు.

నోటు పుస్తకాన్ని దాచివేయడం తేలిక. కాల్చివేయడం ఇంకా తేలిక. కాని దెబ్బలు ఓర్చుకుంటే భర్త మారిపోతాడన్న నమ్మకం కాగితాలతో పాటు కాలిపోదు. అది పిల్ల మనసులోనే ఉండి, రేపు ఆమె సంసారంలోకి ఆమెతో పాటు నడిచి వస్తుంది. అందువల్ల ఆ సినిమా కథ ఎక్కడిదో, అదే కథను తెర మీద చూసిన ఒక నవలా రచయిత్రి దాని నుంచి ఏమి గ్రహించారో ఆ తల్లీకూతుళ్లకు చెప్పవలసిన అవసరం ఏర్పడింది. ఆ మాటలనే ఈ నెల మన పాఠక సోదరీ సోదరులతో పంచుకుంటున్నాము.

ఈ కథ పుట్టిల్లు ఫ్రాన్సు. 1740లో గాబ్రియెల్ సుజాన్ ద విల్‌నవ్ అనే రచయిత్రి దీనిని ఒక సుదీర్ఘ కథగా ప్రచురించారు. 1756లో జాన్ మరీ లెప్రాన్స్ ద బోమాన్ అనే మరొక రచయిత్రి దానిని బాగా కుదించి, పిల్లల కోసం కూర్చిన తన పుస్తకంలో చేర్చారు. ఆమె లండన్ నగరంలో సంపన్న కుటుంబాల ఆడపిల్లలకు చదువు చెప్పిన ఉపాధ్యాయిని. లోకమంతటా వ్యాపించినది ఈ కుదించిన కథే.

ఒక వర్తకుడు ఆస్తి అంతా పోగొట్టుకుని పల్లెకు చేరి, సేద్యం చేసుకుని బతుకుతుంటాడు. పోయిందనుకున్న ఓడ ఒకటి రేవుకు చేరిందని తెలిసి పట్నానికి బయలుదేరుతాడు. పెద్ద కుమార్తెలు ఖరీదైన దుస్తులు తెమ్మంటారు. చిన్న కుమార్తె ఒక్క గులాబీ పువ్వు చాలంటుంది. తిరుగు ప్రయాణంలో అతడు దారి తప్పి, మనుషులెవరూ కనిపించని ఒక కోటలో తలదాచుకుంటాడు. వెళుతూ వెళుతూ తోటలో గులాబీ కోస్తాడు. ఆ తోట యజమాని ఒక మృగరూపి. నీ ప్రాణమైనా ఇవ్వు, లేదా నీ కుమార్తెలలో ఒకతె తన ఇష్టంతో నీకు బదులుగా రావాలి అని అతడు షరతు పెడతాడు.

'తన ఇష్టంతో' అన్న మాటను గమనించండి. తండ్రి ప్రాణం తక్కెడలో ఒక పక్క ఉన్నప్పుడు ఆడపిల్ల ఇష్టానికి ఎంత విలువ ఉంటుందని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినా కథ చెప్పిన ఆ ఉపాధ్యాయిని ఆ మాటను అక్కడ ఉంచారు. ఆ తరువాత నడిచిన కథ అంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. కోటలో ఆ అమ్మాయికి ప్రత్యేకంగా ఒక గది ఉంటుంది. అందులో పెద్ద గ్రంథాలయం ఉంటుంది. ఆ మృగరూపి రాత్రి భోజన సమయంలో వచ్చి, నన్ను వివాహమాడతావా అని అడుగుతాడు. ఆమె కాదంటుంది. అతడు నిట్టూర్చి వెళ్లిపోతాడు. మళ్లీ అడిగినా అదే జవాబు వస్తుంది. అతడు గద్దించడు, తలుపు గడియ వేయడు. తండ్రిని చూడాలని ఆమె కన్నీరు పెట్టుకుంటే, తన ప్రాణం మీదికి వస్తుందని తెలిసి కూడా పంపివేస్తాడు. ఆమె పుట్టింటికి వెళ్లి, కొన్నాళ్లుండి, తనంతట తాను తిరిగి వచ్చి సరేనన్న తరువాతనే మృగరూపం తొలగుతుంది.

ఈ కథ మీద అనేక చలనచిత్రాలు వచ్చాయి. 1946లో ఫ్రెంచి కవి ఝాన్ కాక్టో తీసిన చిత్రం వాటిలో పేరెన్నికగన్నది. ఆయన ఒక చిత్రమైన పని చేశారు. మృగరూపిగానూ, చివరలో ప్రత్యక్షమయ్యే రాజకుమారుడిగానూ, కథానాయికను వెంటాడే ఒక అందగాడిగానూ ఒకే నటుని చేత నటింపజేశారు. ముగింపులో మృగరూపి మనిషి అవుతుంటే, ఆ అందగాడు మృగంగా మారతాడు. ముఖాన్ని చూసి మృగమెవరో, మనిషెవరో తేల్చవద్దన్న హెచ్చరిక అందులో ఉన్నది.

మన నోటు పుస్తకపు పిల్ల చూసినది 1991లో డిస్నీ సంస్థ నిర్మించిన బొమ్మల చిత్రం. అందులోని మృగరూపి పాత కథలోని వాని వలె మర్యాదస్తుడు కాడు. గర్జిస్తాడు, తండ్రిని చెరలో వేస్తాడు. ఆ గర్జనలు మన పిల్ల మనసులో బాగా ముద్రపడ్డాయి. కాని అదే చిత్రంలోని మరి రెండు ఘట్టాలు ఆమె నోటు పుస్తకంలోకి రాలేదు. అతడు మితిమీరి కోపించిన రాత్రి, ఇచ్చిన మాటను కూడా లెక్కచేయక ఆ అమ్మాయి కోట విడిచి వెళ్లిపోతుంది. తరువాత అతడు ఆమెను తోడేళ్ల బారి నుంచి కాపాడి గాయపడినప్పుడు, గాయానికి కట్టు కడుతూనే, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకొమ్మని అతని ముఖం మీదే చెబుతుంది. ఇక రెండవ ఘట్టం. తండ్రి ఆపదలో ఉన్నాడని తెలిసినప్పుడు, ఆమె వెళ్లిపోతే తన శాపం ఇక తీరదని తెలిసి కూడా అతడు ఆమెను విడిచిపెడతాడు. కథ మలుపు తిరిగేది అక్కడ. ఆమె ఓర్పు వలన అది తిరగలేదు. ఆమె మీద తనకు అధికారం లేదని అతడు ఒప్పుకున్నందువలన తిరిగింది.

ఇప్పుడు మేము చెప్పదలచిన రచయిత్రి వద్దకు వద్దాము. 1976 డిసెంబరులో అమెరికా టెలివిజన్‌లో ఇదే కథ మీద ఒక చిత్రం ప్రసారమయింది. జార్జ్ సి. స్కాట్ అనే ప్రసిద్ధ నటుడు మృగరూపిగా, ఆయన సతీమణి ట్రిష్ వాన్ డివేర్ కథానాయికగా నటించారు. ఆ చిత్రాన్ని చూసిన వారిలో రాబిన్ మెకిన్లీ అనే ఇరవై నాలుగేళ్ల యువతి ఒకరు. చిన్ననాటి నుంచి ఆమెకు ఈ కథ అంటే ప్రాణం. ఆ చిత్రం ఆమెకు తీవ్రమైన నిరాశ కలిగించింది. తాను ప్రేమించిన కథ తెర మీద ఆమెకు కనిపించలేదు.

నచ్చని సినిమా చూసి మనలో చాలామంది నాలుగు మాటలు అనుకుని మరచిపోతాము. మెకిన్లీ మరచిపోలేదు. కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. ఆ నిరాశ నుంచి పుట్టిన నవల పేరు 'బ్యూటీ'. అది 1978లో వెలువడింది. ఆమె తొలి నవల అదే. ఏడేళ్ల తరువాత, 1985లో, మరొక నవలకు ఆమె అమెరికా బాలసాహిత్యంలో అత్యున్నతమైనదిగా పరిగణించే న్యూబెరీ పతకాన్ని అందుకున్నారు. ఒక రచయిత్రి జీవితానికి నచ్చని సినిమా ద్వారం తెరిచింది.

ఆమె చేసిన మార్పులు రాయాలనుకునే ప్రతి అమ్మాయీ తెలుసుకోదగినవి. పాత కథలో అక్కలు అసూయాపరులు. చెల్లెలు వెళుతుంటే కళ్లకు ఉల్లిపాయ రుద్దుకుని ఏడుపు నటిస్తారు. మెకిన్లీ అక్కలను మంచివారిగా చేశారు. కష్టకాలంలో ఆ అక్కచెల్లెళ్లు ఒకరికొకరు ఆసరా అవుతారు. కథ నడవాలంటే ఇంట్లో ఒక దుష్టురాలు ఉండి తీరాలన్న నియమం లేదని ఆమె నిరూపించారు. మన టీవీ ధారావాహికలు రాసేవారు కూడా ఈ ఒక్క సంగతి నేర్చుకుంటే ఎంత బాగుండును!

రెండవ మార్పు కథానాయిక పేరు. తల్లిదండ్రులు ఆమెకు పెట్టిన పేరు 'ఆనర్', అనగా గౌరవం, మాట నిలుపుకునే గుణం. ఐదేళ్ల పిల్లకు ఆ మాట అర్థం కాక, నాకు అందం అనే పేరే కావాలని అడుగుతుంది. ఆ ముద్దుపేరు నిలిచిపోతుంది. పెరిగి పెద్దయిన తరువాత ఆమె అందగత్తె కాలేదు. పెద్ద చేతులూ పాదాలతో, ఎప్పుడూ పుస్తకం పట్టుకుని తిరిగే సాదా పిల్ల అయింది. ఆ పేరు వినబడినప్పుడల్లా సిగ్గుపడుతుంది. కాని తండ్రి ఇచ్చిన మాట కోసం కోటకు బయలుదేరిన నాడు, చిన్నప్పుడు వద్దన్న అసలు పేరుకు ఆమె తగినదవుతుంది. అందం గురించి అందరూ చెప్పుకునే కథను ఈ రచయిత్రి గుణం గురించిన కథగా చదివారు.

మూడవది, మా దృష్టిలో అన్నింటికంటె ముఖ్యమైనది. ఈ నవలలోని మృగరూపి రూపంలోనే మృగం. మాటలో, నడతలో మొదటి నుంచి మర్యాదస్తుడు. ప్రతి రాత్రీ అడుగుతాడు, ఆమె కాదంటుంది, ఆ జవాబును గౌరవిస్తాడు. ఇద్దరినీ దగ్గర చేసేది పుస్తకాలు. ఆ కోటలోని గ్రంథాలయంలో అప్పటికి ఇంకా రాయబడని పుస్తకాలు కూడా ఉంటాయి! అలా రోజులు గడుస్తుండగా మారినది అతని స్వభావం కాదు, ఆమె చూపు. మంచివాడిని మంచివాడిగా గుర్తించడానికి ఆమెకు కొంత కాలం పట్టింది. దుష్టుడిని మంచివాడిగా మార్చే పని రచయిత్రి ఆమె నెత్తిన పెట్టలేదు.

కథ అక్కడితో ముగియలేదు. దాదాపు ఇరవై ఏళ్ల తరువాత, 1997లో, మెకిన్లీ అదే కథను 'రోజ్ డాటర్' అనే పేరుతో మరొక నవలగా రాశారు. ఈసారి ముగింపు వేరు. శాపం తీరి, సంపదతో, అధికారంతో అతడు అందమైన రాజకుమారుడు కావచ్చును. లేదా అతడు ఇప్పుడున్న రూపంతోనే ఉండి, ఆమెతో ఒక సామాన్యమైన పల్లె జీవితం గడపవచ్చును. నిర్ణయం కథానాయికది. ఆమె రెండవ దానిని కోరుకుంటుంది. మృగరూపం చివరి పేజీలో కూడా తొలగదు. తాను మనసు ఇచ్చినది ఆ మనిషికేనని, అతనిలో మారవలసినదేమీ లేదని ఆమె భావం.

ఒక సినిమా రచయిత్రికి ప్రేరణ ఇవ్వడమంటే ఇదే. సినిమాలోని మహలును, వస్త్రాలను, గర్జనలను తెచ్చి కాగితం మీద పేర్చడం నకలు అవుతుంది. సినిమా జవాబు చెప్పకుండా వదిలిన ప్రశ్నను పట్టుకుని, నేనైతే ఏమి చెబుతానని ఆలోచించినప్పుడు నవల పుడుతుంది. ఆమె ఎందుకు వెళ్లింది? అతడు ఎందుకు బలవంతం చేయలేదు? అతడు మారకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నలు అడిగినందువలన ఒకే కథ నుంచి ఒకే రచయిత్రి చేతి మీదుగా రెండు వేర్వేరు నవలలు వచ్చాయి.

ఈ ప్రశ్నలు మన ఇళ్లకు కొత్తవి కావు. హదీసు గ్రంథాలలో బరీరా, ముగీస్‌ల వృత్తాంతం ఉన్నది. బరీరా (రజి) బానిసత్వం నుంచి విముక్తి పొందిన తరువాత, భర్తతో కొనసాగాలో వద్దో తేల్చుకునే హక్కు ఆమెకు లభించింది. ఆమె విడిపోవాలనుకున్నారు. ముగీస్ (రజి) ఆమె మీది ప్రేమతో మదీనా వీధులలో ఆమె వెంట కన్నీరు కారుస్తూ తిరిగేవారు. అది చూసి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) కరుణతో, ఆయన వద్దకు తిరిగి వెళ్లకూడదా అని ఆమెను అడిగారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు. అయితే తనకు ఆయనతో అవసరం లేదన్నారామె. అంతటితో ఆ విషయం ముగిసింది. ఆమెను ఎవరూ నిందించలేదు. ప్రేమించినవాని కన్నీరు నిజమైనదే. అయినా ఆ కన్నీరు ఆమె నిర్ణయం కంటె పెద్దది కాలేదు.

మన నికాహ్‌లలో వకీలూ ఇద్దరు సాక్షులూ వధువు వద్దకు వచ్చి సమ్మతి అడిగే ఆచారం ఉన్నది. ఆ ఘడియలో ఏమి జరుగుతుందో మనందరికీ తెలుసు. చుట్టూ ఖాలాలు, ఫుప్పీలు కూర్చుని, "ఊఁ అనవే" అంటూ మోచేత్తో పొడుస్తుంటారు. వద్దు అనే జవాబు కూడా రావచ్చునని ఆ గదిలో ఎవరైనా అనుకుంటారా? జవాబు ముందే నిర్ణయమైపోయినప్పుడు అడగడంలో అర్థమేమున్నది? ఆ కోటలోని మృగరూపి అడిగిన ప్రశ్నకు విలువ ఉన్నది. ఎందుకంటె కాదన్న జవాబును అతడు విని ఊరుకున్నాడు.

మరునాడు ఆ అమ్మాయిని పిలిపించాము. మెకిన్లీ సంగతులన్నీ చెప్పాము. వాన రాత్రి వర్ణనను మెచ్చుకున్నాము. తరువాత మూడవ అధ్యాయం తెరిచి, "బేటీ, ఈ చెంపదెబ్బ తిన్న రాత్రి ఆమె ఏమనుకున్నది? నీవు రాయలేదే!" అని అడిగాము. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఏమనుకుంటుందో నాకు తెలుసు ఆపా. రాస్తే కథ ముందుకు పోదని రాయలేదు" అన్నది.

ఆ మాట మమ్మల్ని కదిలించింది. ఆమె అబద్ధం రాయాలని రాయలేదు. చూసిన సినిమాలూ విన్న మాటలూ కథ ఇలాగే నడవాలని ఆమెకు నేర్పాయి. ఆ రాత్రి ఆమె మనసులోని మాట నిజాయితీగా రాయి, కథ ఎటు పోతే అటు పోనీ అని చెప్పాము. అప్పుడు ఆమె ఇంకొక ప్రశ్న వేసింది. "అతడు మారకపోతే ఆమె ఎక్కడికి పోతుంది ఆపా? పుట్టింటికి వస్తే సర్దుకుపొమ్మని పంపించేస్తారు కదా!"

జవాబు కోసం మేము ఆమె తల్లి వైపు చూశాము. ఆ సోదరి కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు. కారణం మేము అడగలేదు.

పాఠకులారా, ఆ ఫ్రెంచి కథలో రెండు తలుపులు ఉన్నాయి. ఒకటి కోట తలుపు. అది ఆమె వెళ్లిపోవడానికి తెరుచుకున్నది. రెండవది తండ్రి ఇంటి తలుపు. అది ఆమెను లోపలికి తీసుకోవడానికి తెరుచుకున్నది. రెండూ తెరిచి ఉన్నందువలననే ఆమె తిరిగి కోటకు వెళ్లడం ఆమె ఇష్టమయింది. వాటిలో ఏ ఒక్కటి మూసుకుపోయినా అది ప్రేమ కథ కాదు, చెరసాల కథ. మొదటి తలుపు మన అల్లుళ్ల చేతిలో ఉన్నది. రెండవది మన చేతిలోనే ఉన్నది.

ఇళ్లలో కథలు రాసే ఆడపిల్లలు ఉంటే ఆ నోటు పుస్తకాలను పొయ్యిలో పెట్టకండి. ఒక్కసారి కూర్చుని చదవండి. నోటితో మనకు చెప్పలేని మాటలు ఎన్నో వాటిలో ఉంటాయి. తప్పు కనబడితే ప్రశ్న అడగండి. వారు మంచి రచయిత్రులు కావచ్చు, కాకపోవచ్చు. కాని తమ కథానాయికకు న్యాయం చేయడం నేర్చుకున్న పిల్ల తనకు అన్యాయం జరిగితే గుర్తుపడుతుంది.

ఈ వ్యాసం రాస్తుండగా ఆ సోదరి కబురు పంపారు. పిల్ల మూడవ అధ్యాయం నుంచి మళ్లీ రాస్తున్నదట. పరాఠాలు ఇప్పుడు తొమ్మిదవ అధ్యాయానికి పోయాయట. అవి పుట్టింట్లో అమ్మీ చేసి పెట్టిన పరాఠాలట.